పొట్లమును పళ్ళెమును

పాలమూరు ప్రాంతమున ప్రభుత్వ వైద్యశాలలో పెక్కేండ్లు పిల్లల వైద్యునిగా పనిచేసిన నాకు, ఆకలి యనునది ఎల్లవేళల ఎముకలు తేలిన రూపముతోనే రాదనియు, ఒక్కొక్కప్పుడు ఉబ్బిన బుగ్గలతో, నిగనిగలాడు చర్మముతో, కన్నవారినే భ్రమింపజేయు వేషమున వచ్చుననియు బోధించినవారు ఆ పల్లెల బిడ్డలే.

ఒక వేసవి ఉదయమున, ఒడిలో మూడునెలల పసికందుతో, భుజముపై రెండేండ్ల బాలునితో ఒక తల్లి నాకడకు వచ్చెను. "పిల్లగానికి ఒళ్ళొచ్చింది గాని నడుస్తలేడు సారూ" అనునది ఆమె మొదటి మాట. నిజముగనే ఆ బాలుడు చూపునకు బొద్దుగా నుండెను. కాని పాదముపై బొటనవ్రేలితో నొక్కి తీయగా పడిన గుంట ఎంతసేపటికిని పూడలేదు. జుట్టు రాగిరంగు తిరిగి, పట్టినంతనే ఊడి వ్రేళ్ళకంటుచుండెను. అన్నిటికంటె నన్ను కలతపెట్టినది వాని ముఖములోని నిర్లిప్తత. చేతిలో బిస్కత్తు నుంచినను దానిని నోటికి తీసికొనవలెనను తలంపే లేక, అది జారిపోవుచున్నను చూడక, ఎటో చూచుచు కూర్చుండెను.

క్వాషియార్కర్ అని వైద్యులు వ్యవహరించు ఈ వ్యాధికి ఆ పేరు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టు ప్రాంతపు గా భాషనుండి వచ్చినది. 1930వ దశకమున అచ్చట బిడ్డలకు చికిత్స చేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, మరియొక బిడ్డ పుట్టుటచే తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చు జబ్బు అను నర్థమున ఆ ప్రజలు వాడుకొను మాటనే వైద్యశాస్త్రమునకు అందించెను. ఆ తల్లి ఒడిలోని శిశువును, భుజముమీది బాలుని ఒక్కచూపున చూచినప్పుడు, ఆ పదమునకు వ్యాఖ్యానము నా యెదుట నిలిచినట్లయ్యెను.

అంగన్‌వాడీలో బాలామృతం ఇచ్చుట లేదా యని యడిగితిని. "ఇస్తున్రు సారూ, నెలనెలా తెచ్చుకుంటున్న" అనెను. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర చేర్చి సిద్ధపరచిన ఆ పిండిని, ఏడవ నెలనుండి మూడేండ్లు నిండువరకు ప్రతి బిడ్డకును నెలకు 2.5 కిలోల పొట్లముగా ఇచ్చెదరు. దినమునకు 100 గ్రాముల చొప్పున పెట్టిన 25 దినములకు సరిపోవును. పొట్లము ఇంటికి చేరుచుండగా బిడ్డ ఇట్లు కావలసిన పని యేమని నాకు కోపము వచ్చినది. ఆ కోపమును దాచుకొనక, వీనికి పెట్టక ఏమి చేయుచుంటివని గద్దించితిని. ఆమె తల వంచుకొని, కొంతసేపటికి, "ఇంట్ల నలుగురు పిల్లలున్నరు సారూ. ఒక్కనికి కలిపి తినిపిస్తుంటె ముగ్గురు గిన్నెదిక్కే చూస్తుంటరు. చేతులడ్డం పెట్టి ఎట్ల తినిపియ్యాలె?" అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇద్దరు అక్కలును, ఉమ్మడి కుటుంబమున బావగారి కుమారుడొకడును, ఈ బాలుడును—నలుగురు కలిసి తిన్నచో ఆ పొట్లము వారము తిరుగకుండనే ఖాళీయగును. మిగిలిన మూడు వారములు జొన్నరొట్టెయు కారమును, దొరికిననాడు పలుచని పప్పుచారును. ప్రభుత్వము లెక్కవేసినది ఒక్క బిడ్డను. తల్లి లెక్కవేసినది తన గిన్నెచుట్టు చేరిన కన్నులను. అందలి తప్పు తల్లిదని నేను అంతవరకు నమ్మియుంటిని. ఆనాటినుండి ఏ తల్లిని గూడ ఆ ప్రశ్న ఆ స్వరముతో అడుగలేదు.

ఆ బాలుని పోషకాహార పునరావాస కేంద్రమున చేర్చుకొంటిమి. అట్టి బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండ పెట్టుట ప్రాణాపాయము. కావున పాలు, చక్కెర, నూనె కలిపిన పలుచని ఆహారమును రెండేసి గంటలకొకమారు, రాత్రియు పగలును, కొలిచి పట్టవలెను. మొదటి దినములలో వాని బరువు తగ్గుచు వచ్చుట చూచి తల్లి బెదరిపోయి ఇంటికి పోయెదనని పట్టుపట్టెను. తగ్గుచున్నది నీరేయని, అదియే మంచి గుర్తని ఆమెను నమ్మించుటకు మా నర్సమ్మ పడిన పాట్లు ఇన్నియన్ని కావు. ఆరవనాడు ఆ బాలుడు గిన్నెకొరకు చేయి చాచి ఏడ్చెను. పిల్లల వార్డులో ఏడుపు శుభవార్త యగుట వైద్యులకే తెలియును.

పూర్వము ఇట్టి వ్యాధికి కేవలము మాంసకృత్తుల లోపమే కారణమని లోకమంత విశ్వసించుచుండగా, హైదరాబాదులోని పరిశోధనశాలలో డాక్టర్ కొలత్తూర్ గోపాలన్ బిడ్డల ఆహారమును శ్రద్ధగా పరిశీలించి, ఎండిపోయిన బిడ్డకును, వాచిపోయిన బిడ్డకును ఇండ్లలో పెట్టు తిండి ఇంచుమించు ఒక్కటేయని 1968లో వెల్లడించెను. అలవాటైన ధాన్యమును, పప్పును చాలినంత తినగలిగినచో బిడ్డకు వలసిన మాంసకృత్తులు చాలవరకు అందులోనే లభించునని ఆ శాల బోధించినది. జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనది అదియే. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ 10, బెల్లము 20 చేర్చినచో 330 కేలరీల శక్తియు 11 గ్రాములకు మించిన మాంసకృత్తులును లభించునని చూపిన 'హైదరాబాద్ మిక్స్' అచ్చటిదే. ఏ కిరాణా కొట్టునైనను దొరకు ఈ నాలుగు వస్తువులను వేయించి, విసరి, కలుపుట తల్లులకు నేర్పుచు నేను పెక్కు మధ్యాహ్నములు గడపితిని. నేర్చుకొనుట వారికి కష్టము కాలేదు, కొనుటయే కష్టమైనది.

1975 అక్టోబరు 2న దేశమున 33 బ్లాకులలో, అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఆరంభమైనవి. 2013 నాటి ఆహార భద్రతా చట్టము గర్భిణులకును, ప్రసవానంతరము ఆరునెలలవరకు బాలింతలకును, ఆరునెలలనుండి ఆరేండ్లవరకు బిడ్డలకును అంగన్‌వాడీ ఆహారమును హక్కుగా చేసినది. తెలంగాణలో 2015 జనవరినుండి ఆరోగ్యలక్ష్మి పేర, గర్భిణులును బాలింతలును అంగన్‌వాడీలోనే కూర్చుండి అన్నము, పప్పు, కూర, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసికొను ఏర్పాటు వచ్చినది. పొట్లమునకు బదులు పళ్ళెము. ఇంట అందరికిని వడ్డించి, అడుగంటినది తాను తినుటకు అలవడిన స్త్రీ, తన యీడువారి నడుమ, తనకొరకే వడ్డించిన అన్నమును తినుట ఎంత గొప్ప సంగతియో, ఆ కేంద్రముల గడపలో నిలిచి చూచిన నాకు తెలియును. గుడ్డు విషయమున నాకొక ప్రత్యేకాభిమానము కలదు: పాలలో నీరు కలుపవచ్చును, పప్పును పలుచన చేయవచ్చును, గుడ్డును మాత్రము ఎవరును పలుచన చేయలేరు.

అయినను పళ్ళెమునకు ఒక చిక్కు కలదు. 1,800 గ్రాముల బిడ్డను కన్న ఒక యువతి, అంగన్‌వాడీ భోజనమునకు పోలేదా యని శిశువిభాగమున నేనడిగిన ప్రశ్నకు బదులుగా, "పేరైతె రాసుకున్నరు సారూ. పత్తి ఏరి వచ్చెటాళ్ళకు అంగన్‌వాడి బంద్ అయితది" అనెను. మధ్యాహ్న భోజనమునకై కూలి మానుకొన్నచో ఆమె ఇంట సాయంత్రపు పొయ్యి వెలుగదు. ఆమె అత్తయు చెంతనే యుండి, కడుపులోని బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునని కోడలిని కొంచెము తక్కువ తినుమంటినని దాపరికము లేక చెప్పెను. తానట్లే ఐదుగురిని కనెనట. ఆ వృద్ధురాలిపై నాకు కోపము రాలేదు. శస్త్రచికిత్సకు ఆమడదూరమున కాన్పులు జరిగిన నాటి భయమది. రెండేండ్ల తరువాత ఆ కోడలే మరల గర్భిణి యైనప్పుడు, ఆ యూరి అంగన్‌వాడీ టీచరు తెల్లవారక ముందే తలుపు తీసి, పొలమునకు పోవు స్త్రీలకు పాలును గుడ్డును అప్పుడే ఇచ్చి, ఎదుట తినిపించి పంపుచుండెను. ఈసారి బిడ్డ 2,600 గ్రాములు తూగెను. అట్లు చేయుమని ఆమెకు ఏ ఉత్తరువును లేదు. ఉండవలెనని నా నిశ్చితాభిప్రాయము. అట్లే, ఇంటికి పంపు పొట్లమును ఆ ఇంటి పిల్లల సంఖ్యను బట్టి తూచవలెననియు ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నాను.

మొదట చెప్పిన బాలుడు మూడునెలల తరువాత తన కాళ్ళతో నడచి నా గదిలోనికి వచ్చెను. దండచుట్టు కొలత టేపులో ఎరుపు దాటి, పసుపు దాటి, ఆకుపచ్చలో నిలిచినది. తల్లి సంతోషించినది గాని, ఆమె మనసు మరొక లెక్కలో నుండెను. ఒడిలోని చిన్నవానిని చూపుచు, "వీనికి గిప్పుడు ఆరు నిండినయి సారూ. వచ్చే నెలకెళ్ళి వీనికి గూడ పాకెట్ ఇస్తరు గద? అప్పుడు మా ఇంటికి రెండొస్తయి" అనెను. ఇత్తురని చెప్పి, చిన్నవాని పేరును, పుట్టిన తేదీని ఒక చీటిపై స్పష్టముగా వ్రాసి, అంగన్‌వాడీ టీచరునకు చూపుమని ఆమె చేతికిచ్చితిని. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడివేసికొనెను.