పెద్ద గొంతు పుట్టిన ఊరు

అమెరికా దేశపు పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో నాపా అనే చిన్న ఊరు ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నుంచి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు పోతే ఆ ఊరు వస్తుంది. దానికి అటూ ఇటూ ఎత్తు తక్కువ కొండల వరసలు, వాటి నడుమ లోయ, ఆ లోయలో నాపా అనే పేరే గల నది. లోయ పొడుగునా ద్రాక్షతోటలు. ఫిబ్రవరి నెలలో ద్రాక్షతీగలకు ఆకులుండవు. కాని వరసల మధ్య ఆవచెట్లు పూసి, నేలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది.

ఇంత నెమ్మదైన ఊళ్ళో పుట్టిన వస్తువేమిటో తెలుసా? లౌడ్‌స్పీకరు! వేలాది జనం ఒక్కసారిగా వినేటట్టు మాట్లాడిన మొదటి లౌడ్‌స్పీకర్లలో ఒకటి అక్కడే తయారయింది. పెళ్ళి జరిగినా, తిరణాల జరిగినా, ఎన్నికలు వచ్చినా మన ఊళ్ళలో చెట్టుకో స్తంభానికో వేలాడుతూ మోగే బాకా దాని సంతతే. మనవాళ్ళు ఆ బాకాను చూసి "మైకు" అంటారు. నిజానికి మైకు అంటే మాట్లాడేవాడి నోటి దగ్గర ఉండేది. అది మాటను విద్యుత్తుగా మారుస్తుంది. చెట్టుమీది బాకా ఆ విద్యుత్తును తిరిగి మాటగా మారుస్తుంది. ఒకటి చెవి, రెండవది గొంతు.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో ఉంటున్నది. ఆ వైపు మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. నేను ఆమె దగ్గరకు వెళ్ళినప్పుడు, ఈ పెద్ద గొంతు చరిత్రలో ముఖ్యమైన మూడు చోట్లు చూశాను. వాటిని గురించి చెబుతాను.

లౌడ్‌స్పీకరు రాకముందు సంగతి ఒకసారి ఆలోచించండి. ఊళ్ళో కబురు తెలియాలంటే దండోరా వేసేవాడు వీధివీధికీ తిరగాలి. నాటకంలో పద్యం చదివేవాడికి పందిరి చివర కూర్చున్నవాడికి కూడా వినపడే గొంతు లేకపోతే వేషం దొరికేది కాదు. ఎంత తెలివిగలవాడైనా, ఎంత మంచి మాట చెప్పేవాడైనా, గొంతు చిన్నదైతే ఆ మాట ముందు వరసలోనే ఆగిపోయేది. బడిలో పాఠం చెప్పి చెప్పి నాకు ఒకటి బాగా తెలుసు: వెనక బెంచీవాడికి వినపడని పాఠం సగం మందికి చెప్పని పాఠమే. ఈ ఇబ్బందిని తీర్చినవాళ్ళు ఇద్దరు.

అందులో ఒకడు పీటర్ జెన్సెన్. ఆయన 1886లో డెన్మార్కు దేశంలో పుట్టాడు. కుర్రతనంలోనే వాల్డెమార్ పౌల్సెన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో పనికి కుదిరి, అక్కడే వైర్‌లెస్ విద్య నేర్చాడు. 1909లో అమెరికా వచ్చాడు. రెండవవాడు ఎడ్విన్ ప్రిధమ్. ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజనీరు. ఇద్దరికీ స్నేహం కలిసింది. 1911లో నాపా ఊళ్ళో, ఎఫ్ వీధిలో ఒక చిన్న ఇంట్లో ప్రయోగాలు మొదలుపెట్టారు. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం మీద ఈనాటి పెద్ద వంతెనలు లేవు. అందరికీ తెలిసిన గోల్డెన్‌గేట్ వంతెన 1937లో గాని తెరవలేదు. నగరం నుంచి నాపా రావాలంటే పడవ మీద నీరు దాటవలసిందే. అటువంటి మూలన కూర్చుని వాళ్ళు పనిచేశారు.

వాళ్ళు మొదట తయారు చేయబోయింది లౌడ్‌స్పీకరు కాదు. చెవి దగ్గర పెట్టుకుని వినే టెలిఫోను రిసీవరును బాగుచేయాలనుకున్నారు. ఆ రోజుల్లో రిసీవరులో ఒక అయస్కాంతం, దాని ముందు వెంట్రుక దూరంలో ఒక పల్చటి ఇనపరేకు ఉండేవి. అయస్కాంతం చుట్టూ ఉన్న తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైనప్పుడల్లా రేకు వణికి శబ్దం పుట్టేది. ఇందులో ఒక చిక్కున్నది. చప్పుడు పెద్దది కావాలంటే రేకు ఎక్కువ కదలాలి. ఎక్కువ కదిలితే అది అయస్కాంతానికి తగులుకుంటుంది. దూరంగా పెడితే అయస్కాంతం బలం చాలదు.

జెన్సెన్, ప్రిధమ్ ఇనపరేకును లాగడం మానేశారు. బలమైన అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య సన్నని సందు ఉంచి, ఆ సందులో ఒక తీగచుట్టను వేలాడదీశారు. తీగచుట్టను పల్చటి రేకుకు తగిలించారు. తీగలో విద్యుత్తు పారితే, అయస్కాంతం ఆ చుట్టను ఒకవైపు తోస్తుంది. విద్యుత్తు దిశ మారితే రెండవవైపు తోస్తుంది. చుట్ట ఎటు పోతే రేకూ అటే పోతుంది. చుట్ట సందులో ముందుకూ వెనక్కూ జారుతుందే గాని దేనికీ కొట్టుకోదు. ఇటువంటి ఉపాయాన్ని జర్మనీలో వెర్నర్ జీమెన్స్ 1874లోనూ, ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి 1898లోనూ చెప్పకపోలేదు. కాని దాన్ని జనానికి పనికివచ్చే వస్తువుగా చేసినది నాపాలోనే.

తయారైన రిసీవరు చాలా స్పష్టంగా పలికింది. అయినా టెలిఫోను వాళ్ళు దాన్ని తీసుకోలేదు. చెవి దగ్గర పెట్టుకునే వస్తువుకు అది మరీ పెద్దదీ, బరువైనదీ అయింది. ఇద్దరు మిత్రులకూ ఏం చేయాలో తోచలేదు. అప్పుడు నాపాలో రే గాల్‌బ్రెత్ అనే కమ్మరి ఒక మాట అన్నాడు. బేస్‌బాల్ అనే బంతాట జరిగే చోట ఆటగాళ్ళ పేర్లు చెప్పేవాడు ఎంత అరిచినా వినపడడం లేదనీ, ఈ యంత్రం చేత ఎందుకు చెప్పించరాదనీ ఆయన అడిగాడు. చెవికి బరువైన వస్తువు మైదానానికి తేలికే గదా! చదువుకున్న ఇంజనీర్లకు తట్టని సంగతి కమ్మరికి తట్టింది. ఆ మాటను వాళ్ళు చిన్నచూపు చూడలేదు.

వాళ్ళు రిసీవరుకు గ్రామఫోను బాకా ఒకటి తగిలించారు. బాకా ఎందుకంటే, ఒట్టి గాలిలో చెయ్యి ఊపి చూడండి, చేతికేమీ బరువు తెలియదు. గాలి పక్కలకు తప్పుకు పోతుంది. అదే సైకిలు పంపులో గాలిని నొక్కితే చేతికి బరువు తెలుస్తుంది. చిన్న రేకు కూడా అంతే. ఆరుబయట అది గాలిని పట్టుకోలేదు. బాకా సన్నని మెడలో గాలి ఎటూ తప్పుకోలేదు గనక రేకు తోపు వృథా కాదు. ఆ కదలిక బాకా వెడల్పయే కొద్దీ మెల్లగా పెద్దదై, చివరకు బయటి గాలిలోకి విస్తరిస్తుంది. నాపాలో ఈ బాకాను ఇంటి కప్పు మీదికెక్కించి మాట్లాడితే, దాదాపు ఒక మైలు దూరాన కూడా మాటలు తెలిశాయి. ఆ యంత్రానికి వాళ్ళు "మాగ్నవాక్స్" అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో దానికి "పెద్ద గొంతు" అని అర్థం.

ఆ పెద్ద గొంతు లోపల ఏముంటుందో కొంచెం వివరంగా చూద్దాం. కొన్నేళ్ళ తరవాత అమ్మకానికి వచ్చిన ఇటువంటి లౌడ్‌స్పీకర్లలో ఇనుముతో చేసిన కుండ వంటిది ఉండేది. కుండ మధ్యన ఇనప కడ్డీ, కడ్డీ చుట్టూ వందలకొద్దీ చుట్లు చుట్టిన రాగితీగ. ఆ కాలంలో సహజంగా బలం గల మంచి అయస్కాంతాలు లేవు గనక, ఈ తీగలోకి 6 వోల్టుల బ్యాటరీ నుంచి విద్యుత్తు పంపి కుండనే అయస్కాంతంగా చేసేవారు. కుండ మూతలో గుండ్రని రంధ్రం, ఆ రంధ్రం మధ్యకు కడ్డీ కొస. రెంటికీ నడుమ ఉంగరం లాగా సన్నని సందు. తీగచుట్ట కదలవలసింది ఆ సందులోనే.

అసలు కష్టం ఇక్కడే ఉన్నది. సందు వెడల్పయితే అయస్కాంతం పట్టు సడలి గొంతు తగ్గిపోతుంది. సందు మరీ సన్నమైతే తీగచుట్ట గోడకు రాసుకుని "గరగర"మంటుంది. కనక చుట్ట నట్టనడుమ నిలవాలి. దీనికి పనివాళ్ళు ఒక చక్కని ఉపాయం పన్నారు. కడ్డీకీ చుట్టకూ మధ్య సమానమైన మందం గల పల్చని కాగితపు ముక్కలు మూడో నాలుగో చుట్టూ దోపి, చుట్టను బిగించి, జిగురు ఆరిన తరవాత ఆ ముక్కలను లాగివేసేవారు. మన ఊళ్ళలో రేడియోలు బాగుచేసేవాళ్ళు కూడా పాత ఫిల్ము ముక్కలతో ఈ పనే చేసేవారు. అంత పెద్ద గొంతు అంత సన్నని సందు మీద ఆధారపడి ఉన్నదన్న మాట!

ఇక రెండవ చోటు శాన్‌ఫ్రాన్సిస్కో. 1906లో వచ్చిన భూకంపంలో ఆ నగరం చాలావరకు నాశనమైపోయింది. పాత సిటీ హాలు కూడా కూలిపోయింది. దాని బదులు కట్టిన కొత్త సిటీ హాలు 1915 చివరకు పూర్తయింది. దాని గుమ్మటం వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనపు గుమ్మటం కంటె ఎత్తయినది. భవనం ముందు విశాలమైన మైదానం ఉన్నది. 1915 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రాత్రి, అక్కడ జెన్సెన్, ప్రిధమ్ తమ బాకాలను అమర్చి పాటలూ, ఉపన్యాసాలూ వినిపించారు. లక్షమంది దాకా విన్నారని చెబుతారు. ఆ మైదానంలో నిలబడితే, ఒక మనిషి గొంతు ఈ చివరి నుంచి ఆ చివరకు చేరడం కల్ల అని వెంటనే తెలిసిపోతుంది.

ఆ తరవాత ఆరు రోజులకే మరొక వింత జరిగింది. కాలిఫోర్నియా గవర్నరు హైరమ్ జాన్సన్ ఆ మైదానం పక్కనే ఉన్న పెద్ద సభాభవనంలో మాట్లాడవలసి ఉన్నది. ఆయనకు జబ్బు చేసి ఇల్లు కదలలేకపోయాడు. ఇంట్లో మైకు పెట్టి, తీగ ద్వారా సభాభవనంలోని లౌడ్‌స్పీకర్లకు కలిపారు. ఇంటి దగ్గర జెన్సెన్, సభలో ప్రిధమ్ నిలబడి యంత్రాలు నడిపారు. మనిషి ఇంట్లో, గొంతు సభలో!

మూడవ చోటు శాన్‌డియేగో. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా సుమారు 800 కిలోమీటర్ల దూరాన, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరవాత అధ్యక్షుడు వుడ్రో విల్సన్, ఇక ముందు యుద్ధాలు రాకుండా నానాజాతి సమితిలో తమ దేశం చేరాలని ప్రజలకు చెప్పడానికి రైలులో బయలుదేరాడు. 1919 సెప్టెంబరు 19న శాన్‌డియేగో స్టేడియంలో ఆయన సభ. దాదాపు 50,000 మంది వచ్చారు. ఆయన ఆరోగ్యం అప్పటికే బాగా లేదు. ఒక అద్దాల గది వంటి దానిలో నిలబడి ఆయన మామూలు గొంతుతో మాట్లాడితే, మాగ్నవాక్స్ బాకాలు ఆ మాటలను స్టేడియమంతటికీ వినిపించాయి. వారం తిరగకుండానే ఆయన జబ్బుపడి ప్రయాణం మానుకున్నాడు. అక్టోబరులో పక్షవాతం వచ్చింది. ఆయన దేశం నానాజాతి సమితిలో చేరనే లేదు. అంటే, లౌడ్‌స్పీకరు మాటను చెవుల దాకా చేరుస్తుంది, మనసుల దాకా చేర్చడం దాని వల్ల కాదు. ఆనాటి స్టేడియం ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి అదే చోట చిన్నది కట్టారు.

తరవాత లౌడ్‌స్పీకరు చాలా మారింది. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు బాకా తీసేసి, తీగచుట్టకు కాగితపు గరాటు తగిలించిన లౌడ్‌స్పీకరును లోకానికి చూపారు. ఇళ్ళలో రేడియోలకు అదే వచ్చింది. బలమైన శాశ్వత అయస్కాంతాలు దొరికిన తరవాత బ్యాటరీతో నడిచే ఇనపకుండ కూడా అక్కర లేకపోయింది. కాని ఈనాడు మీ టెలివిజనులోనూ, సెల్‌ఫోనులోనూ పలికేది కూడా ఎక్కువగా ఆ అయస్కాంతం, ఆ సందు, ఆ తీగచుట్టే!

ఒక్క సంగతి మాత్రం మరవకూడదు. వినాలని వచ్చినవాడికి వినిపించడానికి ఈ యంత్రం పుట్టింది. వినలేననేవాడి చెవిలో మోగించడానికి కాదు. పరీక్షలకు చదువుకునే పిల్లలూ, జబ్బు మనుషులూ పడే బాధ చూసే మన ప్రభుత్వం 2000 సంవత్సరంలో నియమాలు చేసి, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా లౌడ్‌స్పీకర్లు మోగించరాదన్నది.

మీరు కూడా ఇంట్లో చిన్న గొంతు తయారు చేయవచ్చు. మోటార్లకు చుట్టే సన్నని రాగితీగను లావుపాటి పెన్ను మీద 50 చుట్లు చుట్టి తీయండి. రెండు కొసలూ గీకి పూత పోగొట్టండి. చుట్టను కాగితపు కప్పు అడుగున, బయటివైపు జిగురుతో అంటించండి. పాడైన స్పీకరులోని అయస్కాంతం బల్ల మీద పెట్టి, చుట్ట దానికి దగ్గరగా వచ్చేటట్టు కప్పును పట్టుకోండి. తీగ కొసలను టార్చిలైటు బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. కప్పు "టక్" మంటుంది. కొసలు మార్చి తాకించండి. ఈసారి కప్పు రెండవవైపు కదులుతుంది. కొసలు అలాగే ఉంచితే తీగ వేడెక్కుతుంది గనక వెంటనే తీసెయ్యండి. ఇంటి గోడకుండే ప్లగ్గు జోలికి మాత్రం ఎన్నడూ పోవద్దు.

ఆ "టక్" సెకనుకు కొన్ని వందల సార్లు వస్తే అదే స్వరం అవుతుంది.