టానిక్కు మహిమ

వేసవి వచ్చిందంటే పత్రికలలో మా రెంటచింతల పేరు తప్పక కనపడుతుంది. ఎండకు పేరుపడిన ఊరు మరి. పచ్చిమేత కరవైన ఆ దినాలలో గొర్రెల కాపరులు లివరు టానిక్కు సీసాలు కొంటారు. టానిక్కు పోసిన తరువాత జీవం కోలుకోవడం వారు కళ్ళారా చూసినదే. పశువైద్యునిగా నేనూ చూశాను. అయితే కోలుకున్నది టానిక్కు వల్లనేనా?

ఈ సందేహాన్ని తీర్చడానికి కాలేయ శస్త్రచికిత్సలు ఎంతో తోడ్పడ్డాయి. 1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుక కాలేయంలో దాదాపు మూడింట రెండు వంతులు తొలగించే పద్ధతిని ప్రకటించారు. కోసిన తమ్మెలు మళ్ళీ మొలవవు. మిగిలిన తమ్మెలే పెరిగి, ఏ టానిక్కూ లేకుండా, వారం పది దినాలలో ఇంచుమించు పూర్వపు బరువును అందుకుంటాయి. కనుక టానిక్కు త్రాగిన ఎలుక కాలేయం పదవనాటికి పెరిగిందంటే అది టానిక్కు గొప్పతనానికి సాక్ష్యం కాదు. అదే శస్త్రచికిత్స జరిగి, అదే మేత తిని, టానిక్కు మాత్రం త్రాగని ఎలుకలతో పోల్చి చూడాలి.

ఇటువంటి పోలికలే కొన్ని వింతలను బయటపెట్టాయి. శస్త్రచికిత్స అయిన ఎలుకలకు రక్తంలో చక్కెర పడిపోతుందని త్రాగునీటిలో గ్లూకోజు కలిపి ఇవ్వడం ప్రయోగశాలలలో వాడుక. ఆ భయం సహేతుకమే. కాని గ్లూకోజు అధికంగా అందినప్పుడు కాలేయ కణాల విభజన మందగించినట్లు తరువాత తేలింది. మాంసకృత్తులు కొరవడినా అంతే. బలానికని పోసినదే పెరుగుదలకు అడ్డు తగిలిందన్నమాట! అలాగని అన్ని మందులనూ నేను తీసివేయను. విషపు పుట్టగొడుగుల వల్ల కలిగే కాలేయ నష్టం నుండి సిలిమారిన్ కుక్కలను కాపాడినట్లు ప్రయోగాలు ఉన్నాయి.

మా గొర్రెల కాలేయాన్ని గాయపరిచేది కత్తి కాదు, జలగ. నీటి గుంటల వద్ద నత్తలలో పెరిగి, గడ్డిని అంటిపెట్టుకొని కడుపులో చేరే కార్జపు జలగ కాలేయాన్ని తొలుస్తుంది. పాత గాయం మానే లోపలే కొత్త గాయం. చివరకు కాలేయం మచ్చకట్టి గట్టిపడుతుంది.

ఒక ఏడు దవడ క్రింద నీరు దిగిన గొర్రెలకు ఒక పెద్దాయన మూడు సీసాలు పోశాడు. నా వద్దకు వచ్చేసరికి నాలుగు జీవాలు పోయాయి. ఎలుకల సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు.

“ఎలుకకు పది రోజుల్లో పెరిగిన కార్జం నా గొర్రెకు ఎందుకు పెరగలేదయ్యా?”

“ఎలుకను కోసినవాడు ఒక్కసారి కోసి వదిలేశాడు, పెద్దయ్యా. నీ గొర్రెలో జలగ ఇంకా లోపలే ఉంది.”

మిగిలిన జీవాలకు జలగమందు పట్టించాము. కందిపొట్టు, అవిశాకు మేపమని చెప్పాను. ఒక్కొక్క గొర్రె దవడను ఆయనే పట్టుకున్నాడు. సగం మిగిలిన టానిక్కు సీసాను మాత్రం పారవేయలేదు.