చార్టులో పట్టని సంవత్సరం

మొన్న శనివారం మా అమ్మాయికి స్కూల్ ప్రాజెక్టు. అమెరికా వలసల చరిత్రని టైమ్‌లైన్‌గా గీయాలి. 1492 కొలంబస్, 1607 జేమ్స్‌టౌన్, 1620 ప్లిమత్, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1783 పారిస్ ఒప్పందం. అయిపోయింది, రంగులు కూడా వేసేశాం.

"నాన్నా, మరి ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళకి స్వతంత్రం ఎప్పుడొచ్చింది?" అంది.

టీచర్ అడగలేదు కదా, వదిలెయ్ అన్నా. ఆఫీసులో రోజూ అనే మాటే లెండి, అవుట్ ఆఫ్ స్కోప్!

అది పడుకున్నాక నెట్‌లో చదువుతూ కూర్చున్నా. అపలాచియన్ కొండలు దాటి స్థిరపడొద్దని 1763లో బ్రిటిష్ రాజు హద్దు గీశాడు. వలసవాళ్ళ కోపానికి పన్నులతో పాటు ఆ హద్దూ ఒక కారణమే. 1776 ప్రకటనలో రాజు మీద ఆరోపణల చిట్టా ఉంది కదా, అందులో చివరిది మూలవాసుల్ని తమ మీదికి ఉసిగొల్పుతున్నాడని. వాళ్ళని అందులో కిరాతకులుగానే చూపించారు. 1783లో మిసిసిపీ నది దాకా నేల చేతులు మారింది. ఆ సంతకాల దగ్గర మూలవాసులెవరూ లేరు. అమెరికాలో పుట్టిన మూలవాసులందరికీ పౌరసత్వం ఇచ్చింది 1924లో!

మన దగ్గర తెల్లవాడు వెళ్ళిపోతే స్వతంత్రం వచ్చింది. ఇక్కడ ఉండిపోయిన తెల్లవాడికే వచ్చింది. పదేళ్ళుగా జూలై 4 బాణసంచా చూస్తున్నా, ఇంత చిన్న తేడా నాకు తట్టలేదు. పైగా అప్పు చేసి మేం కొన్న ఇల్లు ఒహాయోలో, సరిగ్గా ఆ హద్దుకి పడమట.

పొద్దున్నే చార్టు చివర 1924 రాయమన్నా.

"అప్పుడొచ్చిందా స్వతంత్రం?"

"కాదమ్మా, పౌరసత్వం."

రెండూ ఒకటేనా అంది. మీరైతే ఏం చెప్తారు?