అర్హత

2021 మార్చి 1న 60 దాటినవాళ్ళకి టీకా మొదలైంది. మేడ్చల్‌లో మా నాన్నకి 58. "ఇంకో రెండేండ్లు ఆగాల్నా ఏందిరా?" అని నవ్వాడు. ఏప్రిల్ 1 నుంచి 45 నిండిన అందరికీ అన్నారు. శామీర్‌పేటలో ఉండే ఫ్రెండు వాట్సాప్‌లో ఆ వార్త పెట్టి, కిందనే వాళ్ళ పాప మొదటి అడుగుల వీడియో పెట్టాడు.

కోవాగ్జిన్ తయారయ్యే జీనోమ్ వ్యాలీ వాళ్ళింటికి బండి మీద పావుగంట. వాళ్ళన్నకి 43. మే 1న 18 దాటిన అందరూ అర్హులయ్యారు. ఫోన్లో ఎంత వెతికినా స్లాట్ దొరకలేదు. అర్హత వేరు, అందడం వేరు. నెలాఖరుకి అన్న లేడు.

తర్వాత నా వంతు వచ్చింది. గ్రూపులో చెప్పడానికి మనసు రాలేదు. వాడే అడిగాడు: "నీకు పడ్డదా? జరమొస్తే డోలో వేస్కో. పాప ఇప్పుడు ఉరుకుతుంది."