చూసేకి ఏముంటాది ఆడ?

బెంగళూరులో మా ఆఫీసు చుట్టుపక్కల ఏ బారులో మెనూ తీసినా 'పిల్స్నర్' అనే మాట కనిపిస్తుంది. అది ఒక ఊరి పేరు నుంచి వచ్చింది. ధర్మవరం అనగానే మనకి పట్టుచీర గుర్తొచ్చినట్టే, పిల్సెన్ అనగానే ప్రపంచానికి బీరు గుర్తొస్తుంది. ధర్మవరంలో మగ్గం చూడ్డానికి టికెట్ లేదు. పిల్సెన్‌లో బీరు కాచే చోటు చూడ్డానికి ఉంది. ముందే బుక్ చేసుకోవాలి కూడా.

పోయినేడు ఆఫీసు పని మీద మూడు వారాలు ప్రాగ్‌లో ఉన్నాను. అక్కడి నుంచి పిల్సెన్ తొంభై కిలోమీటర్లు. ఒక శనివారం, మా టీమ్‌లో పనిచేసే నల్గొండ కుర్రాడూ నేనూ రైలెక్కాం. అతను తాగుతాడు, నేను దాదాపు తాగను. నాకు పాత ఫ్యాక్టరీలంటే ఇష్టం. యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరైనా విడమర్చి చెప్తుంటే గంటలు గంటలు వింటాను.

పిల్స్నర్ ఉర్‌క్వెల్ బ్రూవరీ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. రెండు కమానుల రాతి గేటు, ఏదో సంస్థానం కోట ద్వారంలా ఉంటుంది. బ్రూవరీకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1892లో కట్టారట. సీసా లేబుల్ మీద ఉండే బొమ్మ ఆ గేటుదే. ఇప్పుడు ఈ కంపెనీ జపాన్ వాళ్ల అసాహీ చేతిలో ఉంది. గేటు మాత్రం మారలేదు.

గైడ్ చెప్పే కథ ఒక పారబోతతో మొదలవుతుంది. 1838లో ఊళ్లో తయారైన బీరు తాగలేనంత పాడుగా ఉందని 36 పీపాలు తెచ్చి టౌన్ హాల్ ముందు పారబోశారు. 1295లో ఊరు పుట్టినప్పుడే రాజు కొన్ని కుటుంబాలకి బీరు కాచుకునే హక్కు ఇచ్చాడు. ఆ హక్కుదారుల వారసులే ఇప్పుడు కలిసి, ఎవరికి వారు కాచుకోవడం మానేసి అందరికీ ఒకటే బ్రూవరీ కట్టుకుందామనుకున్నారు. బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ని పిలిపించారు. అతను 1842 అక్టోబర్ 5న మొదటి విడత కాచాడు. అప్పటిదాకా జనం చూసిన బీరు ముదురు రంగులో మసకగా ఉండేది. ఇది బంగారు రంగులో, గ్లాసుకి అవతల ఉన్న మనిషి కనిపించేంత తేటగా వచ్చింది. ఈరోజు ప్రపంచంలో తాగే బీరులో ఎక్కువ భాగం దీని పోలికే.

తర్వాత టూర్ వంటింట్లోకి వెళ్తుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు నమలమని ఇస్తారు. జాటెక్ ప్రాంతపు హాప్స్ పూలు వాసన చూడమంటారు. ఇక్కడి నీళ్లలో ఖనిజాలు చాలా తక్కువనీ, ఈ రుచికి అదొక కారణమనీ చెప్పారు. మా అనంతపురం వైపు బోరు నీళ్లలో పప్పు ఉడకడమే గగనం. ఫ్లోరైడు సంగతి సరేసరి. ఈ బీరు మా వైపు పుట్టే అవకాశమే లేదనుకున్నాను.

నన్ను కట్టిపడేసినవి రాగి బానలు. బార్లీ పిండినీ నీళ్లనీ కలిపిన జావలోంచి కొంత భాగం తీసి, వేరే బానలో మరగబెట్టి, మళ్లీ అసలు జావలో కలుపుతారు. దాంతో మొత్తం వేడి ఒక మెట్టు పెరుగుతుంది. ఇలా మూడుసార్లు. థర్మామీటర్లు లేని కాలంలో వేడిని అదుపులో పెట్టడానికి వాడిన ఉపాయం ఇది. ఇప్పుడు సెన్సర్లున్నా మానలేదు. ఎందుకంటే రుచి అందులోనే ఉంది.

అంతకంటే గొప్ప సంగతి భూమి కింద ఉంది. ఇసుకరాయిని మనుషులు చేతుల్తో తొలిచి చేసిన సొరంగాలు, మొత్తం తొమ్మిది కిలోమీటర్ల దాకా. ఒకప్పుడు ఇక్కడ మంచుగడ్డలు నింపి, ఓక్ పీపాల్లో బీరుని వారాల తరబడి చల్లగా ఉంచేవారు. 1990ల్లో పీపాల బదులు పైన స్టీలు ట్యాంకులు వచ్చాయి. అయినా కింద కొన్ని పీపాల్లో పాత పద్ధతిలోనే కొంచెం బీరు ఇంకా పులియబెడుతున్నారు, ట్యాంకులోదాని రుచి దీనితో సరిపోతోందో లేదో చూసుకోవడానికి. మా భాషలో చెప్పాలంటే రిగ్రెషన్ టెస్ట్. కొత్త కోడ్ వచ్చాక కూడా పాత సిస్టంని నడుపుతూ, రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం. అది ఏడాది పాటు నడపమంటేనే మా క్లయింట్లు డబ్బు దండగంటారు. వీళ్లు ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు.

ఆ పీపాలోంచే వడకట్టని బీరు ఒక్కో గ్లాసు పోసిచ్చారు. ముందు చేదు, తర్వాత కాల్చిన రొట్టె లాంటి చిన్న తీపి. మావాడు గ్లాసెత్తి, "అన్నా, మీ ఊరి పేర్లనే కల్లుంది. నువ్వు టికెట్ గొని ఈడిదాంక వచ్చినవ్," అన్నాడు.

మాది తనకల్లు. ఈ హాస్యం నాకు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం నుంచీ అలవాటే. దానికో సిద్ధంగా ఉన్న జవాబూ ఉంది: కన్నడంలో కల్లంటే రాయి, సరిహద్దు ఊళ్లం కదా, గుంతకల్లులో ఉన్నది కూడా అదే. కానీ ఆ సొరంగంలో నిలబడి ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు. మేం ఈడిగవాళ్లం. మా తాత ఈత చెట్లు గీసేవాడు. నా స్కూలు అప్లికేషన్లలో నాన్న ఎప్పుడూ 'వ్యవసాయం' అనే రాసేవాడు.

బయటికి వచ్చాక అమ్మ ఫోన్ చేసింది.

"యాడున్నావు నాయనా?"

"బీరు ఫ్యాక్టరీ చూసేకి వచ్చినామ్మా."

కాసేపు మాట లేదు.

"చూసేకి ఏముంటాది ఆడ?"

చెప్పాను. బానలు, సొరంగాలు, పీపాలు. టికెట్ ఎంతో చెప్పలేదు గానీ, టికెట్ ఉందని చెప్పాను.

"మీ తాత చెట్టెక్కుతాంటే చూసేకి ఎవురన్నా వచ్చినారా? అందురూ తాగేకి వచ్చినోళ్లే," అంది.

తిరుగు రైల్లో ఆ మాట వదల్లేదు. తాత పనిలో చూడ్డానికి ఏముండేది? నేను కళ్లారా చూసింది తక్కువ, తాత చెప్పగా విన్నదే ఎక్కువ. ఈత చెట్టుకి మొవ్వు దగ్గర ఒక పక్క మట్టలు కొట్టేసి, చెక్కి, గాటు పెట్టాలి. గాటు లోతు తక్కువైతే రసం రాదు. మొవ్వుకి దెబ్బ తగిలితే చెట్టే చచ్చిపోతుంది. ఈ ఏడు ఈ పక్క గీస్తే, వచ్చే ఏడు అవతలి పక్క. సాయంత్రం కుండ కడితే తెల్లారేసరికి రసం చేరుతుంది. అప్పుడు తీపిగా ఉంటుంది, నీరా అంటారు. ఎండ పెరిగేకొద్దీ గాలిలో ఉన్నదీ కుండకి అంటుకుని ఉన్నదీ ఈస్ట్ పని మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి అది కల్లు. మర్నాటికి పులిసి నోట పెట్టుకోలేం. పులవకుండా ఉండాలంటే కుండ లోపల సున్నం పూయాలి.

బార్లీలో చక్కెర నేరుగా లేదు. గింజని మొలకెత్తించి, ఆరబెట్టి, ఉడికించి రాబట్టాలి. అందుకే బానలూ బొగ్గూ గోడలూ కావాలి. ఈత చెట్టు చక్కెరని తయారుగానే ఇస్తుంది. కాబట్టి మా తాత నైపుణ్యమంతా చెట్టుని చంపకుండా గీయడంలోనూ, ఎండకంటే ముందు దిగి రావడంలోనూ ఉండేది. తెలివి తక్కువేం కాదు. అయితే అది కట్టడంగా మిగిలే రకం తెలివి కాదు.

లాగర్ అనే మాట జర్మన్‌లో 'నిల్వ చేయడం' నుంచి వచ్చింది. ఆ సొరంగాలన్నీ నిల్వ కోసమే. నిల్వ ఉండే సరుకు రైలెక్కుతుంది, ఇంకో దేశం చేరుతుంది, దానికి పద్దు పుస్తకం పుడుతుంది, లేబుల్ పుడుతుంది. యాభై ఏళ్లకి రాతి గేటు కట్టేంత డబ్బు చేరుతుంది. కల్లుకి ఒక్క పగలే ఆయుష్షు. చెట్టు నుంచి కల్లంగడి దాకా, అక్కడి నుంచి గొంతులోకి. చరిత్ర అని మనం పేరు పెట్టి గౌరవించేవాటిలో సగం, నిల్వ చేయగలిగినవాళ్ల చరిత్రే అనిపిస్తుంది.

చట్టం కూడా రెండు చోట్లా ఒకేలా లేదు. పిల్సెన్‌లో రాజు ఇళ్లకి హక్కు రాసిచ్చాడు. మన దగ్గర 1886 మద్రాసు అబ్కారీ చట్టం వచ్చాక, చెట్టు గీయాలంటే లైసెన్సు, చెట్టుకి పన్ను, అంగడికి వేలంపాట. పాట పాడుకున్నవాడు దొర, చెట్టెక్కేవాడు కూలి. తర్వాత 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు మా పక్క జిల్లాలు చిత్తూరు, కడపలకి తెచ్చాడు. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవలోనే, ఒక్క ఓటు తేడాతో. అదే కత్తి, అదే చెట్టు. కొన్నేళ్లు లైసెన్సు పని, కొన్నేళ్లు నేరం.

ఇక్కడితో ఆపేస్తే ఇది హాయిగా చదువుకునే వ్యాసం అవుతుంది. మనవాళ్ల విద్యని ఎవరూ గుర్తించలేదు, తెల్లవాళ్లు మాత్రం మ్యూజియం కట్టుకున్నారు అని. కానీ మా ఇంట్లో చిన్నాయన కూడా ఉన్నాడు.

చిన్నాయన సారా ప్యాకెట్ మూల పళ్లతో కొరికి, ఒక్క గుక్కలో తాగి, ఖాళీ కవరు గోడవారన పడేసేవాడు. నాకు ఊహ తెలిశాక ఆయన గురించి గుర్తున్న మొదటి విషయం అదే. ఇంట్లో ఇత్తడి బిందె పోయింది, తర్వాత అవ్వ కమ్మలు పోయాయి. సారా ఆగాక దొంగసారా, ఆ తర్వాత చీప్ లిక్కర్. నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడు, పోయింది మాత్రం ప్లాస్టిక్ కవర్లో వచ్చినదానితో. సారా కూడా నిల్వ ఉండే సరుకే మరి. లారీ ఎక్కుతుంది, ప్రతి ఊరికీ చేరుతుంది, ఏ వేళకైనా దొరుకుతుంది. నిల్వ గురించి నేను పైన చేసిన తీర్మానానికి ఇదీ ఒక ముఖమే.

మన దగ్గర కూడా ఒక పారబోత ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. ప్యాకెట్లు నేలపాలు చేశారు, వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. పిల్సెన్ వాళ్లు బీరు బాగాలేదని పారబోశారు. దూబగుంట వాళ్లు ఇల్లు బాగుండాలని పారబోశారు. మొదటిది గైడ్ నవ్వుతూ చెప్పే కథ. రెండోది అమ్మ ఎప్పుడూ నవ్వుతూ చెప్పలేదు.

పిల్సెన్ టూర్‌లో నాకు తట్టిన లోటు అదే. తలసరి బీరు తాగడంలో చెక్ దేశానిది ప్రపంచంలో మొదటి స్థానం. ఆ సంగతి గర్వంగా చెప్తారు. ఆ లెక్కలో ఎన్ని ఇత్తడి బిందెలు పోయి ఉంటాయో గోడల మీద ఎక్కడా లేదు. వాళ్ల కథలో కాచేవాడున్నాడు, తాగి పోయినవాడు లేడు. మా కథలో తాగి పోయినవాడే ఉన్నాడు, గీసినవాడు లేడు. మద్యం గురించి మన సాహిత్యంలో, సినిమాల్లో, ఉపన్యాసాల్లో చెట్టెక్కేవాడి చేతికి ఎంత చోటుందో ఆలోచించి చూడండి. తాగేవాడి నోటికున్నంత లేదు.

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. మా నల్గొండ కుర్రాడు తీసుకెళ్తే తాగాను. చల్లగా, బాగుంది. గీత పనికి గౌరవం తేవాలన్న ప్రయత్నం మంచిదే. కానీ అక్కడా మళ్లీ సగమే. పులవకముందు దగ్గర ఆపేసిన కథ అది. నాకు రెండు సగాలూ ఒకే చోట చెప్పే గైడ్ కావాలి.

ఈ సంక్రాంతికి తనకల్లు వెళ్లినప్పుడు అమ్మని అడిగాను, తాత చెట్లు ఏమైనా మిగిలాయా అని. వంక గట్టున ఒకటి ఉందంది. చాలావరకు పొలాలు చదును చేసినప్పుడు పోయాయి. ఇద్దరం నడిచి వెళ్లాం. ఒక పక్క ఒక గాటు, అవతలి పక్క ఇంకో గాటు, ఏటేటా అలా గీయడం వల్ల ఈత మాను నిలువుగా ఉండదు, మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఒక్కో గాటూ ఒక్కో ఏడు. ఏ పద్దు పుస్తకంలోనూ లేని లెక్క.

కింద నుంచి లెక్కపెట్టాను. పదిహేడు. వాటికి పైన మాను మళ్లీ నున్నగా పెరిగింది. "పదిహేడేండ్లు గీసినాడమ్మా తాత, ఈ ఒక్క చెట్టే," అన్నాను.

అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని పైకి చూసింది.

"అన్నీ మీ తాతవి కావు. మోకాళ్లు పోయినాంక ఆయప్ప ఎక్కలేదు. పైన రెండూ మీ చిన్నాయన గీసినవి. బాగనే గీస్తాండె."