పాత బండికి కొత్త గొంతు

మన ఇండ్లలో పాతబడిన వస్తువులు రెండు విధాలుగా పాడవుతాయి. కొన్ని వాడగా వాడగా అరిగి పాడవుతాయి. మరికొన్ని బాగుచేయడానికి వచ్చినవారి చేతుల్లో పాడవుతాయి. ఈ రెండవది మరింత విచారకరము. మా నాన్నగారి అంబాసిడర్ కారులో స్పీకరు మార్చిన సంగతిని గూర్చి ఈ నెల నాలుగు మాటలు రాయాలనుకున్నాను. చూడడానికి చిన్న విషయమే. అయినా పెద్దవారున్న ప్రతి ఇంటికీ ఇందులో పనికివచ్చేది కొంత ఉన్నదని నా నమ్మకము.

అంబాసిడర్‌ను గూర్చి మన పల్లెల్లో పరిచయం చేయనక్కరలేదు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారును ఆధారం చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారుచేశారు. 1950వ దశకం చివర మొదలైన తయారీ 2014లో నిలిచిపోయింది. మా నాన్నగారిది 1984 నాటి మార్క్ 4. నరసాపురం ప్రాంతంలోని మా ఊళ్లో దానిని అద్దెకు తిప్పి మా నలుగురినీ చదివించారు. నెలలు నిండిన స్త్రీలను అర్ధరాత్రి ఆస్పత్రికి చేర్చినది ఆ బండే. మా చుట్టుపక్కల ఎందరో పెండ్లికూతుళ్లు అందులోనే మందిరానికి వచ్చారు. వయసు మీద పడి అద్దెలు మానుకొన్న తరువాత కూడా ఆయన దానిని అమ్మలేదు. సాయంకాలము పాకలోని బండి తలుపు తెరిచి, ముందు సీటులో కూర్చొని, ఆకాశవాణి వార్తలు వినడం ఆయనకు అలవాటు.

2018 వేసవిలో ఆ అలవాటు మానేశారు. అమ్మ అడిగితే, "రేడియోకేం కాలేదే, నా చెవులే పోయాయి" అన్నారట. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. ఇంట్లో కూడా మాట తగ్గించేశారు. అందరం కూర్చొని మాట్లాడుకుంటుంటే, మధ్యలో లేచి వెళ్లి వసారాలో పడుకొనేవారు. చుట్టాలు వచ్చి, "పెద్దాయనకు వినబడదులే" అని ఆయన ముందే అనుకొనేవారు. ఆ మాట మాత్రం ఆయనకు బాగానే వినబడేది.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడిని. ఏది పాడైందో పరీక్షించి తెలుసుకోవాలే గాని, ఊహించి తీర్పు చెప్పరాదని పిల్లలకు చెప్పే వృత్తి నాది. కాబట్టి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ముందుగా బండి దగ్గరకే వెళ్లాను. స్పీకరు డ్యాష్‌బోర్డు కింద, పాదాల వైపు తిరిగి ఉన్నది. స్క్రూలు విప్పి బయటకు తీశాను. కాగితపు శంకువు చెమ్మకు మెత్తబడి, ఒక అంచున చినిగి ఉన్నది. శంకువును రెండు బొటనవేళ్లతో మెల్లగా లోపలికి నొక్కితే గరగరమని రాపిడి తెలిసింది. లోపలి తీగచుట్ట పక్కకు జరిగి అయస్కాంతానికి రాసుకుంటోందన్నమాట. అటువంటి స్పీకరు పలుకుతుంది గాని, మాట ముద్దగా వస్తుంది.

పక్క వీధిలో ఉన్న కారు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, అతని దగ్గర ఉన్న మంచి స్పీకరు ఒకటి ఆ రేడియోకే కలిపి చూశాము. నాన్నగారిని పిలిచి కూర్చోబెట్టాను. వార్తలు చదివేవారి గొంతు రాగానే ఆయన తల ఇటు తిప్పారు. "కాలువలకు నీళ్లు వదులుతారంటున్నాడు" అన్నారు. పూర్తిగా కాకపోయినా చాలామట్టుకు అందింది. లోపమంతా చెవులది కాదని ఆయనకు ఆ రోజే తెలిసింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ఇక స్పీకరు మార్చడమే తరువాయి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. సంగతి విని మా అబ్బాయి హైదరాబాదు నుండి రెండు పెద్ద కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు తెచ్చాడు. పెట్టె మీద వందల వాట్లని అచ్చువేసి ఉన్నది. తాతయ్య మీద ప్రేమతో తెచ్చినవే. వాటికి వెనుక సీటు పైనున్న పలకను కోయాలి. అయితే ఆయన కూర్చొనేది ముందు సీటులో. అందుకు ఎలక్ట్రీషియన్, "అలాగైతే మాస్టారూ, వీటి బదులు గుండ్రనివి తెచ్చి ముందు తలుపులు రెండూ కోసేద్దాం. అరగంట పని" అని కట్టరు తీశాడు.

నాన్నగారు కోప్పడలేదు. తలుపు మీద చేయి వేసి, "ఇది కోస్తే మళ్లీ అతకదు నాయనా. దీనికి సరిపోయేది ఏదైనా దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే రేడియో లేకపోయినా నాకు ఫరవాలేదు" అన్నారు. మా అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు. తాను తెచ్చినది తాతయ్యకు నచ్చలేదనుకున్నాడు.

నాన్నగారి మాటలో మమకారము ఒక్కటే కాదు, అనుభవము కూడా ఉన్నది. వాన నీరు అద్దం పక్కనుండి తలుపు లోపలికి దిగుతుంది. అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటకు పోతుంది. తలుపులో స్పీకరు పెడితే ఆ నీరు దాని వీపు మీదనే పడుతుంది. కోసిన రేకు అంచుకు రంగు ఉండదు గనుక, మా డెల్టా చెమ్మకు తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా స్పీకరు లోతు ఎక్కువైతే, అద్దం దించినప్పుడు వెళ్లి అయస్కాంతానికి తగులుతుంది.

కాబట్టి బండిని స్పీకరుకు తగినట్టు మార్చడం మాని, బండికి తగిన స్పీకరును వెదకడానికి పూనుకున్నాము. మా అబ్బాయి చేతికి స్కేలు ఇచ్చి నాలుగు కొలతలు తీయమన్నాను. పాత చట్రము బయటి వెడల్పు, లోపలి రంధ్రము, స్క్రూల మధ్య దూరము, వెనుక ఉన్న లోతు. దుకాణంలో అంగుళాలలో చెప్పే సైజు ఒక్కటే చాలదు. ఒకే సైజని చెప్పిన రెండు స్పీకర్లకు స్క్రూల స్థానాలు వేరుగా ఉండవచ్చు.

తరువాత ఓములు చూశాము. మా రేడియో మీద 4 ఓములని రాసి ఉన్నది గనుక అదే తీసుకోవాలి. రేడియో కోరినదానికంటే తక్కువ ఓముల స్పీకరు కలిపితే కరెంటు ఎక్కువ లాగి, రేడియో కాలిపోయే ప్రమాదమున్నది. మీటరుతో కొలిచినప్పుడు 4 ఓముల స్పీకరు సుమారు మూడున్నర చూపితే కంగారుపడనక్కరలేదు. అది తీగచుట్ట నిరోధము మాత్రమే.

వాట్ల సంగతి చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. పెట్టె మీది వాట్లు ఆ స్పీకరు ఎంత తట్టుకోగలదో చెబుతాయి గాని, ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవు. పాత రేడియో ఇచ్చేది కొద్ది వాట్లే. దానికి కావలసినది తక్కువ శక్తితో ఎక్కువ పలికే స్పీకరు. దీనిని ఒక వాటుకు ఒక మీటరు దూరంలో ఇన్ని డెసిబెల్స్ అని చెబుతారు. 86 డెసిబెల్స్ స్పీకరు ఒక వాటుతో ఇచ్చే శబ్దాన్ని, 92 డెసిబెల్స్ స్పీకరు పావు వాటుతోనే ఇస్తుంది. మా అబ్బాయి తాను తెచ్చినవి దుకాణంలో మార్చి, మధ్యలో చిన్న స్పీకరు కూడా అమర్చి ఉన్న గుండ్రని 4 ఓముల రకము ఒకటి తెచ్చాడు. ధర తక్కువే.

అది పాత రంధ్రము కంటే కొంచెం చిన్నది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో వాడే ఒక చట్రము కోశాడు. దాని బయటి అంచు పాత స్క్రూలకు, లోపలి అంచు కొత్త స్పీకరుకు సరిపోయింది. చెమ్మ పట్టకుండా రెండు పూతలు వార్నిష్ వేశాము. అదురు చప్పుడు రాకుండా పాత సైకిలు ట్యూబును పట్టీగా కోసి మధ్యలో పెట్టాము. ఆ ఆలోచన నాన్నగారిదే. మనుమడి పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, ఆకురాయితో అంచు ఎలా నునుపు చేయాలో ఆయన చూపించారు. మూడు నెలల తరువాత ఆయన నోట అన్ని మాటలు రావడం ఆ మధ్యాహ్నమే చూశాము.

ముఖ్యమైన మార్పు మరొకటి చేశాము. చట్రము కింద చెక్క ముక్క పెట్టి, స్పీకరు ముఖము పాదాల వైపు కాక పైకి, కూర్చున్నవారి ముఖము వైపు వాలునట్లు బిగించాము. బొంగురు శబ్దాలు నలుదిక్కులకూ వ్యాపిస్తాయి. సన్నని శబ్దాలు దాదాపు తిన్నగా పోతాయి. స్పీకరు నేల వైపు చూస్తుంటే, మాటకు స్పష్టతనిచ్చే ఆ సన్నని శబ్దాలు కింద పరచిన పట్టాలోనే అణగిపోతాయి.

ఇటువంటి పని చేసేవారికి రెండు జాగ్రత్తలు. మొదట బ్యాటరీ తీగ విప్పండి. రెండవది, 1950, 60 దశకాల బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి ఉండేది. మరీ పాత బండి అయితే మీటరుతో చూడకుండా కొత్త రేడియో కలపకండి, కాలిపోగలదు. రెండు స్పీకర్లు పెట్టేవారు ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లును ఒక్క క్షణం తగిలించి చూడాలి. రెండింటి శంకువులూ ఒకే వైపు కదలాలి. లేనియెడల ఒకదాని శబ్దాన్ని మరొకటి కొంత చెరిపివేస్తుంది.

బండి సంగతి తీరిన తరువాత నాన్నగారిని భీమవరంలో చెవుల వైద్యునికి చూపించాము. లోపము బొత్తిగా లేదని కాదు. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల మొదట సన్నని, కీచు శబ్దాలను తీసుకొనిపోతుంది. అచ్చులు వినబడతాయి. స, ష, ఫ వంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవారు, "వినబడుతున్నది గాని తెలియడం లేదు" అంటారు. అది సాకు కాదు, నిజమే. గట్టిగా అరిస్తే పెద్దవయ్యేది అచ్చులే. హల్లులు అప్పటికీ అందవు, పైగా అరుపుకు మనసు నొచ్చుకుంటుంది. వైద్యులు పరీక్ష చేసి ఆయనకు తగిన వినికిడి యంత్రము రాసి ఇచ్చారు. కొందరికి గుబిలి పేరుకొనడమే కారణము కావచ్చు. అది శుభ్రము చేయిస్తే చాలు. ప్రకటన చూసి యంత్రము కొనేకంటే ముందు పరీక్ష చేయించడం మేలు.

ఇంట్లో మేము కూడా కొన్ని అలవాట్లు మార్చుకున్నాము. ఆయనతో మాట్లాడేటప్పుడు టీవీ ఆపుతాము. ఎదురుగా, ముఖము కనబడేలా కూర్చొని, ఒకరి తరువాత ఒకరము, నిదానముగా మాట్లాడతాము. తెలియకపోతే అదే మాట గట్టిగా అనకుండా, వేరే మాటల్లో చెబుతాము. స్పీకరును ఆయన ముఖము వైపు తిప్పినట్లే మా ముఖాలూ ఆయన వైపు తిప్పుకున్నాము. భోజనాల దగ్గర నుండి లేచి వెళ్లడం ఆయన మానేశారు.

నాన్నగారు 2022లో కన్నుమూశారు. ఆ నాలుగు సంవత్సరాలూ మాతో మాట్లాడుతూ గడిపారు. పొలం హద్దులు, ఎవరికి ఎంత బాకీ, అమ్మకు ఏమి ఇష్టము, తన తండ్రి పేరు వెనుకనున్న కథ, అన్నీ ఆ కాలంలోనే మాకు చెప్పారు. పెద్దాయనకు వినబడదులే అని ఊరుకొని ఉంటే, అవన్నీ ఆయనతోనే వెళ్లిపోయేవి.

మీ ఇంట్లో ఒక పెద్దవారు మెల్లగా మాట తగ్గిస్తున్నారా? వయసైపోయిందని తీర్పు చెప్పకముందు పరీక్ష చేయించండి. ఏది పాడైందో తెలిస్తే దానిని మాత్రమే మార్చవచ్చు, మిగిలినది ముట్టనక్కరలేదు. మనకు నచ్చినదాని కొరకు వారిని కోయకండి, వారికి సరిపోయేది వెదకండి. అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ముందుగా కొలత తీసుకొనే ఓపిక ఉంటే చాలు.