మా యింటి ఒంటికుండ వంట

ఈ వార్షిక సంచికలో విద్యను గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు, మహనీయుల చరిత్రలను గూర్చియు వ్రాయువారు పెక్కురు గలరు. మేము వ్రాయబూనినది వంటకుండను గూర్చి. పనిదినమున అలసి యిల్లు చేరినవారు ఏమి వండుకొందురు, దానిని ఏ పేరున పిలుతురు అనునది చిన్న సంగతియే. అయినను ఆ చిన్న సంగతి వలన మా యింట ఒక సంవత్సరము పాటు మనస్సులకు నెమ్మది లేకపోయెను. కావున దానిని దాచక చెప్పుచున్నాము.

మేము వనపర్తిలో కాపురముండు భార్యాభర్తలము. ఒకరు బడిలోను, ఒకరు ఆసుపత్రిలోను పనిచేయుదుము. మాతో ఒక ముసలామె గలదు. ఆమె మాలో నొకరికి తల్లి, మరియొకరికి అత్త. ఆమె పుట్టినది గద్వాల సీమలో, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో. మెట్టినది నాగర్‌కర్నూలు దగ్గరి పల్లెలో. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు ముఖ్యస్థానములైనవి గాని, ఆమె లెక్కకు అంతయు నొక్క పాలమూరే. మాకు పిల్లలిద్దరు, కుమారుడు ఏడవ తరగతి, కుమార్తె మూడవ తరగతి.

ఆదివారమున ఆరాధన ముగిసిన పిదప తీరికగా వండుకొనుటకు ఎవరైనను నేర్తురు. కష్టమంతయు వారము నడుమనే యున్నది. సాయంకాలము ఆరు గంటలకు ఇద్దరమును ఇల్లు చేరునప్పటికి పిల్లలు ఆకలిగొనియుందురు. అన్నమొక గిన్నెలో, పప్పొక గిన్నెలో, కూర మరియొక గిన్నెలో వండి, ఆ మూడింటిని తోముకొనుటకు ఓపిక యుండదు. అందుచేత బుధవారమునాడు ఒకే పాత్రలో భోజనమంతయు వండుట మా యింట ఆచారమైనది. ఆ పాత్రలో పడునవి రెండు: పెద్దకూర, మాకరోనీ. ఈ రెండవదానిని పిల్లలు పాస్తా యని పిలుచుదురు. ముసలామె గోధుమ గొట్టములనును.

వండు విధము చెప్పెదము. ఎముక లేని పెద్దకూర అరకిలో తెచ్చి, చిన్న ముక్కలుగా కోసి కడిగి, ఉప్పు, పసుపు, అల్లము ఎల్లిగడ్డల ముద్ద పట్టించి ప్రక్కన నుంచుదుము. మా సీమ పల్లీలకు పేరుపొందినది గనుక నూనెయు పల్లీనూనెయే. ప్రెషరు కుక్కరులో నాలుగు చెంచాల నూనె కాగిన పిదప రెండు ఉల్లిగడ్డలు తరిగి ఎఱ్ఱగా వేయించి, మాంసము వేసి, దానినుండి ఊరిన నీరు ఇగిరి నూనె తేలువరకు కలియబెట్టుదుము. ఇది పది నిమిషముల పని. తొందరపడి దీనిని విడిచినచో నీచువాసన పోదు. అటుపిమ్మట నాలుగు టమాటాలు, రెండు చెంచాల కారము, ఒక చెంచా ధనియాలపొడి వేసి, రెండు గ్లాసుల నీరు పోసి, మూత బిగించి ఏడెనిమిది విజిళ్లు రానిత్తుము. పెద్దకూర మేకమాంసమువలె త్వరగా మెత్తబడదు. ఎంతో పనిచేసిన కండలలో కొల్లాజెన్ అను గట్టి పదార్థము మెండుగా నుండును. అది నీటిలో చాలసేపు ఉడికినప్పుడే కరగి జిగురుగా మారి పులుసునకు చిక్కదనము నిచ్చును. అనగా గట్టిది గనుకనే రుచి గలది. ఓపిక పట్టినవానికే దొరకును.

ఆవిరి తనంతట దిగిన తరువాత మూత తీసి, ఆ పులుసులోనే పావుకిలో మాకరోనీ వేయుదుము. దానిని వేరుగా ఉడికించి నీరు వార్చుట లేదు. గొట్టములు మునుగుటకు పులుసు చాలనిచో వేడినీరు చేర్చుదుము. ఇక మూత బిగింపరాదు. బిగించినచో అంతయు ముద్దయగును. సన్నని సెగపై పదిపండ్రెండు నిమిషములు, అడుగంటకుండ నడుమ నడుమ కలుపుచుండవలెను. గొట్టములు పులుసును త్రాగి ఉబ్బును. వానినుండి వెలువడిన పిండి పులుసును మరింత చిక్కపరచును. చివర గుప్పెడు పుంటికూర తరిగి వేసి, అది వాడినంతనే దించి, అయిదు నిమిషములు కదలింపక యుంచుదుము. ఆరున్నరకు పొయ్యి వెలిగించిన ఏడున్నరకు కంచములు పెట్టవచ్చును. అరకిలో మాంసము అయిదుగురికి కడుపునిండ చాలును. తోమవలసినది ఒక్క పాత్ర.

మొదటిసారి దీనిని వండిననాడు మేము ముసలామెకు ఏదియో కొత్త వంట చూపుచున్నామని తలంచితిమి. ఆమె రెండు ముద్దలు తిని, "గిది మా తునకల కుండనే గదా" అనెను. ఆమె చెప్పిన కుండ కథ యిది. పల్లెలో పశువును కోసిననాడు మాంసమును సమానమైన పోగులుగా వేసి యింటింటికి పంచుకొనెడివారు. అంత మాంసము ఒకనాట తినుటకు వీలుకాదు, నిలువ చేయుటకు మంచుపెట్టె లేదు. కావున దానిని పొడవుగా చీల్చి, ఉప్పు పసుపు పూసి, దండెముపై ఎండబెట్టెడివారు. అవియే తునకలు. పని దొరకని దినములలో గుప్పెడు తునకలను నానబెట్టి ఉడికించి, ఆ పులుసులోనే జొన్ననూక పోసి, పుంటికూర వేసి దించెడివారు. పదిమంది యింట ఆ గుప్పెడు మాంసమే అందరికి వచ్చెడిది. ఎవరి కంచములోను ముక్క లేకపోయినను రుచి లేకపోలేదు.

1970 దశకములో శ్రీశైలము ఆనకట్ట పని జరుగునప్పుడు ఆమెయు, ఆమె పెనిమిటియు అచ్చట మట్టి మోసిరి. వానలు తప్పినప్పుడు పాలమూరు కూలీలు మూటముల్లె గట్టుకొని ఆనకట్టలకును, కాలువలకును, రహదారులకును దేశమంతట పోవుట అందరెరిగినదే. అట్లు పోవునప్పుడు ఒక కుండ మాత్రమే వెంట వచ్చును. మూడు రాళ్లు, నాలుగు పుల్లలు, ఆ కుండ: అదియే వారి వంటయిల్లు. ఒంటికుండ వంటను కనిపెట్టినది మేము కాము. అలసటయును, లేమియును ఎన్నడో కనిపెట్టినవి.

గోధుమ గొట్టములు సయితము మా సంఘమునకు అంత దూరపు చుట్టములు కావు. 1889లో అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు రష్యానుండి తెలుగుదేశమునకు వచ్చి నల్లగొండలో సేవ చేసిరి. 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు అమెరికానుండి హైదరాబాదునకు వచ్చిరి. వీరందరు మెనోనైట్ బ్రదరెన్ సంఘమువారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలలో ఆ మిషను కేంద్రములు వెలసినవి. వారి పూర్వికులు దక్షిణ రష్యా మైదానములలో గోధుమ పండించిన రైతులు. 1874లో వారిలో పెక్కురు వలస పోయి అమెరికాలోని కాన్సాసులో స్థిరపడిరి. గోధుమపిండిని గ్రుడ్లతో కలిపి, ఒత్తి, సన్నని పట్టీలుగా కోసి నీట ఉడికించు వంటకము వారి యిండ్లలో గలదు. దానిని కీల్కె యందురు. వలసపోవువాని వెంట వచ్చు వంటలు ఏ దేశమునందైనను ఇట్టివే.

ఇక మా తప్పును చెప్పవలెను. ఒక గురువారము మా కుమారుడు ముందటి రాత్రి మిగిలిన పాస్తాను డబ్బాలో బడికి కొనిపోయెను. తోడివారు అది ఏమి కూరయని యడిగిరి. వాడు ఉన్నది చెప్పెను. ఇద్దరు బాలురు మారుమాటాడక తమ డబ్బాలు తీసికొని వేరు వరుసకు పోయిరి. ఎవరును తిట్టలేదు, కొట్టలేదు. వాడు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మరునాడు మేము వానికి చెప్పిన మాట యిది: "ఇకమీదట ఎవరైనను అడిగినచో మటన్ అని చెప్పుము." పిల్లవాని దుఃఖమును మాన్పితిమనుకొంటిమి. నిజమునకు వానికి ఒక అబద్ధము నేర్పితిమి.

అది మొదలు వాడు బుధవారమునాడు వంటయింటి కిటికీ మూయ నారంభించెను. మేమును అంగడిలో గొంతు తగ్గించి అడుగుచుంటిమి. నల్లని కవరులో చుట్టించి, సంచి అడుగున పెట్టి తెచ్చుచుంటిమి. మేము తెచ్చునది బర్రెమాంసము. 1977నాటి చట్టము ఆవులను వధించుటను నిషేధించినది గాని, పనికి రాని బర్రెలను, దున్నలను అధికారి పత్రముతో వధించుటను నిషేధింపలేదు. చట్టమునకు వెరవనివారము ప్రక్కయింటి ముక్కునకు వెరచితిమి. ముసలామె కొన్నాళ్లు చూచి ఒకనాడు, "కష్టం చేసి కొన్న కూడు, దొంగ సొమ్ము కాదు. కుండల ఏమున్నదో చెప్పనీకె సిగ్గెందుకు బిడ్డా?" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

గడచిన వానకాలములో ఒక బుధవారము సాయంకాలము మా కుమారుని సహపాఠి యొకడు లెక్కలు చేయుటకు మా యింటికి వచ్చెను. వాన పట్టుకొనెను, రాత్రి ఎనిమిది యైనను వాడు కదలుటకు వీలులేకపోయెను. కుండ దిగినది. వాసనకు వాడు, "ఏమి వండినారు? నాకును పెట్టుదురా?" అని నవ్వుచు అడిగెను. మా కుమారుడు మా వంక చూచెను. మటన్ అను మాట మా నాలుక చివరనే యున్నది. అప్పుడు మాకు భయము పుట్టెను. ఇంతవరకు ఆ అబద్ధము మా సిగ్గును కప్పుకొను దుప్పటి యనుకొంటిమి. ఇప్పుడు అదే మాట చెప్పినచో, ఆ పిల్లవాని యింట కూడదన్న వస్తువును వానికి తెలియకుండ మా చేతులతో తినిపించినవారము కాగలము. మేము నోరు తెరువక మునుపే మా కుమారుడు, "ఇది పెద్దకూర. మీ యింట తినరు గదా, నీకు వేరుగ చేయుదురు" అనెను.

ఆ బాలుడు ఒక నిమిషము ఊరకుండెను. తరువాత, "అవును, మా యింట తినరు" అనెను. ముసలామె లేచి, వేరు పెనము కడిగి, జొన్నపిండి తడిపి రెండు రొట్టెలు చేసి, పల్లీలపొడియు పెరుగును పెట్టెను. వాడు మా వరుసలోనే కూర్చుండి తినెను. మరుసటి దినము బడిలో వాడు మావాని ప్రక్కనే డబ్బా విప్పెనట. తక్కిన యిద్దరు ఇప్పటికిని వేరు వరుసలోనే కూర్చుందురు. అది వారి యిష్టము. దానికి మేము నొచ్చుకొనుట మానితిమి.

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో కరవుకాలమున ప్రవక్తల శిష్యులకు ఒక పెద్ద కుండలో వంట చేసిన కథ గలదు. ఒకడు పొలమునకు పోయి, ఏవో తెలియని వెఱ్ఱికాయలను తెచ్చి అందులో తరిగి వేసెను. తినబోయినవారు కుండలో విషమున్నదని కేకవేసిరి. ఎలీషా పిండి తెప్పించి అందులో వేయగా అది మంచి భోజనమాయెను. ఈ కథను మేము చిన్ననాటనుండి వినుచున్నాము గాని, దానిలో మాకు తగిన మాట ఇప్పుడు తెలిసినది. కుండలో నున్నదానిని ఉన్నట్లు పలికిన పిమ్మటనే అది బాగుపడినది. మా కుండలోని పెద్దకూర చెడ్డది కాదు. దానిపై మేము కప్పిన అబద్ధము చెడ్డది.

విద్యార్థులారా! మీ యింట వండునది ఏదైనను దాని పేరును సిగ్గుపడక చెప్పుడు. అది తిననివానిని బలవంతపెట్టకుడు, మోసపుచ్చకుడు. వానికొక రొట్టె చేసి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మా యింట బుధవారమునాడు కిటికీ ఇప్పుడు తెరచియే యుండును. కుండ అడుగున అంటిన దానికై పిల్లలిద్దరును పోట్లాడుదురు. ముసలామె గరిటెతో గోకి ఇద్దరికి సమానముగా, నాడు పల్లెలో పోగులు వేసినట్లే, పంచిపెట్టును.